కయాక్‌లో తొలి రోజు: పడమటి గాలి, ముట్టుకాడు, రెండు ఇడ్లీలు

ఫిబ్రవరిలో పొద్దున ఆరున్నరకు చెన్నై దగ్గరి కోవళం బీచ్‌లో నిలబడితే సముద్రం పళ్లెంలో పోసిన నీళ్లలా ఉంటుంది. కయాక్, అంటే తెడ్డుతో నడిపే సన్నటి పడవ, నేర్చుకుందామని శనివారం ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) నుంచి, వేళచ్చేరి నుంచి బండ్లేసుకుని దిగిన కొత్త గుంపు ఆ నీళ్లు చూడగానే "ఇంతేనా, ఇందులో భయమేముంది?" అంటుంది. ఆ మాట చెవిన పడగానే నేర్పేవాళ్లు చెయ్యాల్సిన మొదటి పని, అందరినీ వెనక్కి తిప్పి కొబ్బరిచెట్లను చూపించడం. మట్టలు సముద్రం వైపు ఊగుతున్నాయంటే గాలి నేల మీంచి వీస్తోందని అర్థం. ఒడ్డు దగ్గర నీళ్లు నున్నగా ఉండేది కూడా ఆ గాలి వల్లే. ఇళ్లూ చెట్లూ కాస్త దూరం దాన్ని ఆపుతాయి, అల లేపడానికి దానికి ఇంకా జాగా దొరకదు. మూడు నాలుగొందల మీటర్లు లోపలికి పోయాక గానీ అది వీపు మీద చెయ్యి పెట్టి తోస్తోందని తెలీదు.

చెన్నై తీరం తూర్పు ముఖం. రాత్రంతా నేల చల్లబడి తెల్లారేదాకా గాలి పడమర నుంచి సముద్రంలోకి పోతుంది. ఎండెక్కి నేల వేడెక్కాక, సుమారు పదకొండు నుంచి ఒంటిగంట లోపు, గాలి తిరగబడి సముద్రం నుంచి ఊళ్లోకి వస్తుంది. ఈ రెండు గాలుల మధ్య ఒక సందు ఉంటుంది. కొత్తవాళ్లను సముద్రంలోకి దించాల్సింది ఆ సందులోనే. జూన్ నుంచి ఆగస్టు దాకా ఆ సందు నమ్మదగ్గది కాదు. నైరుతి రోజుల్లో పడమటి గాలి మధ్యాహ్నం దాటినా వదలదు. "ఇవాళ సముద్రపు గాలి ఇంకా రాలేదేంటి" అని ఊరంతా ఉడికిపోయే రోజులున్నాయే, కొత్త గుంపును సముద్రంలోకి తీసుకెళ్లకూడని రోజులు అవే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం, తుపాన్లు, ఆ మాటే వద్దు. మిగిలింది జనవరి చివరి నుంచి ఏప్రిల్ మధ్య దాకా.

పడమటి గాలి ఎందుకంత ప్రమాదమో చిన్న లెక్కలో చూడొచ్చు. కొత్తవాడు గాలి లేని నీళ్లలో తెడ్డు వేస్తూ గంటకు 4 కి.మీ. పోతాడనుకుందాం. వెనక గాలి ఇంకో 1 కి.మీ. కలిపిందంటే 5. ఇరవై నిమిషాల్లో సుమారు 1.7 కి.మీ. లోపలికి పోయి, "భలే వేగంగా వచ్చాం" అనుకుంటాడు. తిరిగొచ్చేటప్పుడు అదే 1 కి.మీ. తీసేస్తే 3 మిగులుతుంది, అదే దూరానికి ముప్పై నాలుగు నిమిషాలు. అదీ చేతులు అలిసిపోకుండా ఉంటే. అలిసిపోయి వేగం 2కు పడిందంటే గాలి పోను మిగిలేది 1, అంటే గంటన్నర పైమాట. అందుకే బయల్దేరిన 5 నిమిషాలకే అందరూ వెనక్కి తిరిగి ఒడ్డుకు వచ్చి చూడాలి. వెళ్లడానికి 5 పట్టి రావడానికి 7 దాటితే, ఆ రోజు పని ముట్టుకాడు ఉప్పుటేట్లోనే.

గాలిని, అలను ముందు రోజు రాత్రే చూసుకోవచ్చు. హైదరాబాద్‌లో ఉన్న సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ తీరం మొత్తానికీ అల ఎత్తు, అల వ్యవధి (ఒక అలకూ తర్వాతి అలకూ మధ్య సమయం), గాలి అంచనాలు ఇస్తుంది. సముద్రం లేని ఊరి నుంచి సముద్రం కబుర్లా అని నవ్వకండి, మత్స్యకారులకు హెచ్చరికలు వెళ్లేది అక్కణ్నుంచే. అందులో చూపే అల ఎత్తు అతి పెద్ద అలది కాదు, అన్ని అలల్లోకీ పెద్దవైన మూడో వంతు తీసి కట్టిన సగటు. 0.7 మీటర్లు అని ఉంటే మధ్యమధ్యలో 1.2, 1.3 మీటర్ల అల కూడా వస్తుంది. కొత్త గుంపుకు 0.7 దాటితే సముద్రం వద్దనేది మా లెక్క. ఎత్తుతో పాటు వ్యవధి కూడా చూడాలి. 5, 6 సెకన్ల అలలు చిన్నవైనా ఊపిరి తీసుకోనివ్వవు. 12 సెకన్లు దాటినవి లోపల పెద్దగా కనపడవు, ఒడ్డుకు వచ్చాక లేచి పడతాయి.

తిండి సంగతి చెప్పకపోతే మనవాళ్లతో కష్టం. దారిలో ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద ఆగి నెయ్యి కారే పొంగల్, పైన వడ, ఆపైన ఫిల్టర్ కాఫీ పట్టించి వచ్చినవాళ్లే మొదటి అరగంటలో పడవ పక్కకు వంగి కక్కేది. ఐదు గంటలకు రెండు ఇడ్లీలు, ఒక అరటిపండు చాలు. నీళ్లు మనిషికి 3 లీటర్లు, అందులో 1 లీటరు ఓఆర్‌ఎస్. పొడి ప్యాకెట్టు మొత్తం దాని మీద రాసినన్ని నీళ్లలో ఒకేసారి కలపాలి, సగం ఇప్పుడు సగం అప్పుడు అంటే లెక్క తప్పుతుంది. ఉప్పేసిన మజ్జిగ ఒడ్డుకొచ్చాక తాగడానికి బాగుంటుంది. పడవలో ఎండకు పెట్టిన మజ్జిగ ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

బట్టలకొస్తే జీన్స్ వద్దు, కాటన్ టీషర్టు కూడా వద్దు. తడిసిన కాటన్ ఉప్పుతో కలిసి చంకల కింద ఒరుసుకుని పుండు చేస్తుంది. పొడుగు చేతుల ఈత చొక్కా, గడ్డం కింద తాడున్న టోపీ, కళ్లద్దాలకు వెనక దారం. కాళ్లకు వెనక పట్టీ ఉన్న పాత బూట్లు. హవాయి చెప్పులు మొదటి అలకే సముద్రానికి దక్షిణ. ఎండకు ఎక్కువ కమిలేది ముఖం అనుకుంటారు గానీ, నిజంగా కమిలేది పాదాల పైభాగం, మోకాళ్లు, కింది పెదవి.

మొదట దిగాల్సింది సముద్రంలో కాదు, ముట్టుకాడు ఉప్పుటేట్లో. ఈసీఆర్ వంతెనకు పడమర పక్కన, అంటే లోపలి వైపు ఉండాలి. ఏరు సముద్రంలో కలిసే మొగ తెరుచుకుని ఉన్న రోజుల్లో ఆటు సమయానికి వంతెన కింద నీళ్లు సముద్రం వైపు గట్టిగా లాగుతాయి. స్తంభాలకు ఆలిచిప్పలు అంటుకుని ఉంటాయి, ఆనుకున్నారంటే బ్లేడు గీసినట్టే.

నేల మీదే సగం పని. లైఫ్ జాకెట్ బిగించాక వెనక నుంచి ఇంకొకరు భుజాల పట్టీలు పట్టుకుని పైకి లాగాలి. జాకెట్ గడ్డం దాటి చెవుల దాకా వచ్చిందంటే వదులు. తెడ్డు వేసేవాళ్ల మంచి జాకెట్‌కు 50 న్యూటన్ల తేలే శక్తి ఉంటుంది, అంటే సుమారు 5 కిలోల ఎత్తు. మనిషి 80 కిలోలున్నా నీళ్లలో అతని బరువు కొద్ది కిలోలే కాబట్టి అది చాలు. ఆ తర్వాత పడవ లోపల పాదాలు ఆనించుకునే పెడల్స్, తొక్కడానికి కాదు. మోకాళ్లు కొంచెం వంగి బయటికి తిరిగి, తొడలు పడవ పైకప్పుకు కింద నుంచి తగలాలి. మరీ దగ్గరగా పెట్టుకుంటే ఇరవై నిమిషాల్లో పాదాలు తిమ్మిరెక్కుతాయి, మరీ దూరంగా ఉంటే పడవ మీ మాట వినదు. ఈ పెడల్స్ సరిచేయడానికి మనిషికి 5 నిమిషాలిస్తే తర్వాత గంట మిగులుతుంది. తొందరపడి వదిలేసే పని కూడా ఇదే.

తెడ్డు 210 నుంచి 230 సెంటీమీటర్లు ఉంటుంది. నెత్తి మీద అడ్డంగా పెట్టుకుని మోచేతులు తొంభై డిగ్రీలు వంచితే చేతులుండాల్సిన చోటు అదే తెలుస్తుంది. రేకు లోతున్న ముఖం మీ వైపు, పొడుగు అంచు పైకి. తలకిందులుగా పట్టుకుని గంటసేపు తెడ్డు వేసినవాళ్లు ప్రతి గుంపులో ఒకరుంటారు. పిడికిలి బిగించడం ఇంకో జబ్బు. సైకిల్ హ్యాండిల్ పట్టుకున్నట్టు గట్టిగా పడితే మణికట్టు వాచి మర్నాడు కాఫీ గ్లాసు ఎత్తలేరు. బొటనవేలు, చూపుడువేలు చుట్టూ ఉంగరంలా చాలు, మిగతా వేళ్లు ఊరికే ఆని ఉండాలి. రేకు పాదాల దగ్గర నీళ్లలో దిగాలి, తుంటి దగ్గర బయటికి రావాలి. తుంటి దాటి వెనక్కి లాగితే నీళ్లు పైకి ఎగరేయడమే తప్ప ముందుకు పోవడం ఉండదు. నడుం తిరగాలి, చేతులు కాదు. కవ్వం తాడు లాగేటప్పుడు ఒంట్లో వచ్చే ఊపు లాంటిది.

ఇక బోల్తా. దీన్ని చివరికి వాయిదా వేసే శిక్షకులున్నారు, మా మటుకు అది తప్పు. గుండె లోతు నీళ్లలో, మొదటి గంటలోనే, ప్రతి ఒక్కరూ ఒకసారి కావాలని బోల్తా పడి బయటికి రావాలి. మొదటిసారి స్కర్టు (కూర్చునే గదిలోకి నీళ్లు రాకుండా నడుం చుట్టూ కట్టి, పడవ అంచుకు బిగించే గుడ్డ) లేకుండా, రెండోసారి స్కర్టుతో. క్రమం ఇదీ. ఒక్కసారి ఊపిరి పీల్చుకుని ముందుకు వంగి, ముక్కు దాదాపు పడవకు ఆనేలా ఉండి పక్కకు ఒరగాలి. పూర్తిగా తలకిందులయ్యాక అరచేతులతో పడవ అడుగును మూడుసార్లు చరచాలి. ఈ చరుపులు ఎవర్నో పిలవడానికని అనుకుంటారు. అసలు లాభం వేరే. మూడు లెక్కపెట్టేసరికి కంగారు దిగిపోతుంది. తర్వాత చేతులు పడవ అంచు వెంట ముందుకు జరిపి స్కర్టు ముందున్న పట్టీ దొరకబుచ్చుకుని, ముందుకు తోసి పైకి లాగాలి. ఊరికే పైకి లాగితే పట్టీ అంచును వదలదు. తర్వాత చేతులు తుంటి పక్కన ఆనించి, ప్యాంటు విప్పుతున్నట్టు పడవను కాళ్ల మీంచి ముందుకు తొయ్యాలి. మొత్తం 5, 6 సెకన్లు. తప్పు ఎక్కడ జరుగుతుందంటే, తలకిందులవగానే ఊపిరి కోసం తల వెనక్కి ఎత్తుతారు. ఎత్తగానే నడుం విల్లులా వంగి తొడలు పైకప్పుకు బిగుసుకుంటాయి, కాళ్లు రావు. ముందుకు వంగి ఉంటే జారిపోతాయి. బయల్దేరే ముందు ఇంకొకరు చూడాల్సింది ఒక్కటే, స్కర్టు పట్టీ బయట ఉందా లోపల నొక్కుకుపోయిందా అని.

ఈత రాకపోతే? రావాలన్న నియమం పెట్టం, కానీ ముఖం నీళ్లలో మునిగినప్పుడు తొణక్కుండా ఉండాలి. అది రానివాళ్లకు ఆ రోజు ఉప్పుటేట్లో ఇద్దరు కూర్చునే పైపీట పడవ. అందులో అవమానమేమీ లేదు. బోల్తా పడితే ఇరుక్కునే చోటు దానికి ఉండదు, నీళ్లు అడుగు రంధ్రాల్లోంచి వాటంతట అవే పోతాయి. ఇక్కడ సముద్రపు నీళ్లు జనవరిలో కూడా 26 డిగ్రీల దాకా ఉంటాయి కాబట్టి తడిస్తే చలి పట్టే బాధ లేదు.

బయటపడ్డాక ఎక్కించడం. పడ్డ మనిషి తెడ్డును, పడవను వదలకూడదు. గాలికి ఖాళీ పడవ మనిషి ఈతకన్నా వేగంగా పోతుంది. కాపాడేవాడు బోల్తాపడ్డ పడవ ముక్కు దగ్గరకొచ్చి, రెండూ టీ ఆకారంలో నిలిచేలా దాన్ని పట్టుకుంటాడు. నీళ్లలో ఉన్న మనిషి తోక దగ్గరికి పోయి కిందికి నొక్కితే ముక్కు తేలిగ్గా లేస్తుంది. దాన్ని తన పడవ మీదికి లాగి పెడితే లోపలి నీళ్లు కారిపోతాయి. సీటు వెనక గోడ ఉన్న పడవలకే ఇది పనిచేస్తుంది, గోడ లేని పడవలో నీళ్లు తోకలోకి పోయి కూర్చుంటాయి. తర్వాత పడవను మామూలుగా తిప్పి, రెండింటినీ ఒకదాని పక్కన ఒకటి ఎదురెదురు దిక్కుల్లో నిలబెట్టి, కాపాడేవాడు తన బరువంతా ఆ పడవ మీద వాల్చి రెండు చేతులతో వాటేసుకుంటాడు. పడ్డవాడు కాళ్లు గట్టిగా కొట్టి వెనక పైకప్పు మీదికి బోర్లా ఎగబాకి, తల తోక వైపు ఉంచి కాళ్లు లోపలికి దూర్చి, కాపాడేవాడి వైపే ముఖం తిప్పుతూ కూర్చోవాలి. అవతలి వైపు తిరిగితే మళ్లీ నీళ్లలోకే. మొదటిసారి ఐదారు నిమిషాలు పడుతుంది, మూడోసారికి రెండు. మూడుసార్లు చెయ్యనివాళ్లను సముద్రంలోకి తీసుకెళ్లం.

ఎనిమిదిన్నరకు విరామం, తొమ్మిదికి కోవళం ఇసుక. నలుగురికి ఒక శిక్షకుడి చొప్పున.

దిగేముందు పది నిమిషాలు ఊరికే కూర్చుని అలలు లెక్కపెట్టాలి. అవి గుంపులుగా వస్తాయి. నాలుగైదు పెద్దవి వచ్చాక కాసేపు సద్దుమణుగుతుంది, దిగేది అప్పుడు. పడవ ముక్కు సరిగ్గా అలకు ఎదురుగా ఉండాలి, పది డిగ్రీలు పక్కకు తిరిగినా అల దాన్ని అడ్డంగా పడేస్తుంది. శిక్షకుడు తోశాక అలలు విరిగే చోట ఆగడం లేదు. అల మీదికొస్తుంటే ముందుకు వంగి తెడ్డు నీళ్లలో గుచ్చాలి. భయపడి తెడ్డును మొహానికి అడ్డంగా ఎత్తితే అల ఆ కర్రనే తెచ్చి పళ్ల మీద కొడుతుంది.

అలలు దాటాక రెండు గుర్తులు పెట్టుకోవాలి. ఒడ్డున ఉన్న చెట్టు, దాని వెనక దూరంగా ఉన్న నీళ్ల ట్యాంకు లాంటివి. రెండూ ఒక వరసలో కనిపిస్తుంటే మీరున్న చోటే ఉన్నారు. ముందున్న చెట్టు ట్యాంకుకు ఎడమగా జరుగుతోందంటే, ఒడ్డు వైపు చూస్తూ ఉన్న మీరు కుడికి, అంటే ఉత్తరానికి కొట్టుకుపోతున్నారు. మార్చి నుంచి అక్టోబరు దాకా ఒడ్డు వెంట నీళ్లు ఉత్తరానికే నడుస్తాయి, చలికాలంలో దక్షిణానికి. ఏడాది మొత్తం మీద ఉత్తరానిదే పైచేయి. నమ్మకపోతే ఊళ్లోకి చూడండి. 19వ శతాబ్దం చివర్లో హార్బరు గోడలు కట్టాక దక్షిణాన మెరీనా ఇసుక మేట వేసి వెడల్పయింది, ఉత్తరాన రాయపురం వైపు తీరం కోసుకుపోయింది. కాబట్టి మార్చిలో అయితే ముందు దక్షిణానికి, అంటే మహాబలిపురం దిక్కుకు ఎదురు తెడ్డు వేసి, అలిసిపోయాక నీళ్లతో పాటు తిరిగి రావాలి. ఒడ్డుకు 300 మీటర్లు దాటకుండా, మొత్తం ఒక కిలోమీటరు. మొదటి రోజుకు అదే ఎక్కువ.

పడవ తనంతట తాను గాలికి ఎదురు తిరగడం కొత్తవాళ్లకు అర్థం కాని విషయం. తమ చేతులే సరిగ్గా లేవనుకుంటారు. ముందుకు పోయే పడవ ముక్కును నీళ్లు రెండు పక్కలా ఒత్తి పట్టుకుంటాయి, తోక దగ్గర నీళ్లు వదులుగా ఉంటాయి. పక్కగాలి ఆ వదులు తోకను నెట్టేస్తుంది, ముక్కు గాలి వైపు తిరుగుతుంది. పడమటి గాలిలో ముక్కు ఒడ్డు వైపు తిరుగుతుంది కాబట్టి బాధ లేదు. ఆగ్నేయం నుంచి సముద్రపు గాలి మొదలైతే అదే పడవ లోపలికి తిరుగుతుంది. వెనక అడుగున దించుకునే చిన్న రెక్క, అంటే స్కెగ్‌ను సగం దించితే తోక కూడా నీళ్లను పట్టుకుంటుంది, సమస్య తీరుతుంది.

వలల గురించి ఒక మాట. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం మరబోట్లకే, చిన్న ఫైబర్ పడవలు అప్పుడూ తిరుగుతుంటాయి. నీళ్ల మీద వరసగా తేలే థర్మోకోల్ ముక్కలో, ప్లాస్టిక్ సీసాలో కనిపిస్తే వాటి మధ్య వల ఉంది. జాలరి అరిచే "వలై ఇరుక్కు" అనే మాట "వల ఉంది" అని తమిళం. మన చెవికి "వలలో ఇరుక్కో" అన్నట్టు వినపడుతుంది. ఎలా విన్నా చెయ్యాల్సింది ఒకటే, చుట్టూ తిరిగి పోవడం. తప్పక దాటాల్సి వస్తే తేలే రెండు ముక్కల మధ్య, స్కెగ్ పైకి ఎత్తి.

గుంపంతా పిలిస్తే పలికే దూరంలో ఉండాలి. తెడ్డు నిలువుగా ఎత్తితే రండి, తల మీద అడ్డంగా పడితే ఆగండి, ఈల మూడుసార్లంటే ప్రమాదం. అలల ఊపుకో భయానికో తల తిరుగుతున్నవాళ్లను దూరంగా సముద్రం, ఆకాశం కలిసే గీతను చూడమనండి, వీలైతే రెండు పడవలు జత చేసి పట్టుకోండి. పడవల్లో ఒక దాంట్లోనైనా నీళ్లు దూరని సంచిలో ఫోన్ ఉండాలి. కోస్ట్ గార్డ్ రక్షణ నంబరు 1554, తీర భద్రత పోలీసులది 1093, ఏదీ గుర్తు రాకపోతే 112. జెల్లీఫిష్ తగిలితే సముద్రపు నీళ్లతోనే కడగాలి, మంచినీళ్లతో కాదు, ఇసుకతో రుద్దకూడదు. ఊపిరి ఆడకపోయినా, దద్దుర్లు ఒళ్లంతా పాకినా వెంటనే ఆసుపత్రికి.

పడేవాళ్లలో ఎక్కువమంది తిరిగి వచ్చేటప్పుడే పడతారు. ఒడ్డు కనిపించగానే గబగబా తెడ్డు వేస్తారు, అల వెనక నుంచి ఎత్తి ముక్కును ఇసుకలో గుచ్చుతుంది. అల వస్తుంటే వెనక్కి తెడ్డు వేసి దాన్ని ముందుకు పోనివ్వాలి, పోయిన అల వీపు వెనకే రావాలి. అప్పటికీ పడవ అడ్డం తిరిగితే వంగాల్సింది ఒడ్డు వైపు కాదు, అల వైపు. పడిపోయారా, పడవకూ ఒడ్డుకూ మధ్య మాత్రం ఎప్పుడూ నిలబడొద్దు. కూర్చునే గదిలో నీళ్లు నిండితే 100 లీటర్లు పైనే, అంటే 100 కిలోలు. మోకాలి ఎత్తు అల చాలు, దాన్ని తెచ్చి మీ మోకాలికేసి కొట్టడానికి. సముద్రం వైపు నిలబడి ముక్కు పిడి పట్టుకోండి, తర్వాతి అలే దాన్ని ఇసుక మీదికి చేరుస్తుంది.

పదిన్నరకల్లా పడవలన్నీ గట్టు మీద ఉండాలి. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే రోజులు కాబట్టి పొడి ఇసుక మీద ఈడ్చకుండా మోసుకుపోవాలి. కడిగేటప్పుడు స్కెగ్ పెట్టెలో గులకరాయి ఇరుక్కుందేమో చూడండి, స్కెగ్ కొసన చిన్న రంధ్రానికి కట్టిన దారం పట్టుకుని లాగితే ఊడి వస్తుంది. పెడల్స్ నడిచే పట్టాల్లో మంచినీళ్లు పొయ్యండి. ఉప్పు ఆరి గట్టిపడితే ఆదివారం పొద్దున ఇంకో పొట్టి మనిషి కూర్చున్నప్పుడు అవి కదలవు.